తటస్థంగా ఉండాలా వద్దా: చిన్న దేశం ఎలా తేల్చుకోవాలి

ముందు మ్యాప్ పరచండి. రెండు పెద్ద సైన్యాల మధ్య దగ్గరి దారి మీ నేల మీదుగా పోతుంటే, కాగితం మీది తటస్థత ఒక్కటే కాపాడదు. 1839 లండన్ ఒప్పందంలో బెల్జియం తటస్థతకు ప్రష్యా (తర్వాత జర్మనీలో ప్రధాన భాగమైన రాజ్యం) కూడా హామీ ఇచ్చింది. 1914 ఆగస్టులో ఫ్రాన్స్ మీదికి జర్మన్ సైన్యం బెల్జియం గుండానే వెళ్లింది.

తర్వాత, యుద్ధంలో తటస్థ దేశాల హక్కులు, బాధ్యతలు చెప్పే 1907 హేగ్ ఒప్పందం చదవండి. ఏ పక్షం సైన్యాన్నీ, ఆయుధాలనూ మీ భూభాగం దాటనివ్వకూడదు. సరిహద్దు దాటి వచ్చిన సైనికులకు ఆశ్రయమిస్తే, వాళ్లను యుద్ధరంగానికి వీలైనంత దూరంగా నిర్బంధంలో ఉంచాలి. ప్రైవేటు కంపెనీల ఆయుధ ఎగుమతులను ఆపి తీరాలని లేదు, కానీ ఆంక్ష పెడితే ఇరుపక్షాలకూ ఒకేలా పెట్టాలి. తడబడేది ఇక్కడే: ఒకవైపు ఆపి మరోవైపు వదిలేస్తే ఆంక్ష పడినవాళ్లు మిమ్మల్ని తటస్థులుగా చూడరు.

ఇదంతా అమలు చేయడానికి సొంత సైన్యం కావాలి. తటస్థతతో రక్షణ ఖర్చు తగ్గుతుందనుకోవడం పొరపాటు. స్విట్జర్లాండ్‌లో పురుషులకు నేటికీ సైనిక సేవ తప్పనిసరి. గగనతల నిఘా, రిజర్వు దళాలు, ఇంధనం, ధాన్యం నిల్వలు లెక్కేయండి.

సైనిక కూటమిలో చేరడమే మేలనిపిస్తే ముప్పు ముంచుకొచ్చేదాకా ఆగొద్దు. 2022 మేలో దరఖాస్తు చేసిన స్వీడన్‌కు నాటో సభ్యత్వం 2024 మార్చిలో గానీ దక్కలేదు. ఆ మధ్యకాలంలో దాడి జరిగితే ఎవరు ఆదుకుంటారో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.