పొద్దున ఎన్ని గంటలకు, ఎంత పోశారు? ప్లేస్కూలు పిల్లలకు వానాకాలం మందుల జాగ్రత్తలు

పోయిన వారం ఒక ప్లేస్కూలు ఆయమ్మ మా మెడికల్ షాపుకొచ్చి, "జ్వరం సీసా ఒకటి, దగ్గు సీసా ఒకటి ఇయ్యి సార్, పిల్లోళ్లవి" అంది. ఎవరికమ్మా, ఎన్ని కేజీలుంటాడు అంటే, "ఒకరికని కాదు సార్, బీరువాలో పెట్టుకుంటాం. ఎవురికి ఒళ్లు కాలితే వాళ్లకు పోస్తాం" అంది. నేనివ్వలేదు. ఇంకో షాపులో దొరికే ఉంటుంది.

రెండు రోజులకు మా కాలనీలోనే, వేరే ప్లేస్కూలుకు పోయే రెండున్నరేళ్ల పాపను వాంతులు, మగతతో ఆస్పత్రిలో చేర్చారు. ఇంట్లో ఒక సీసా, అక్కడ ఒక సీసా. పేర్లు వేరు, రెండింట్లో ఉన్నది పారాసిటమాలే. మూడు రోజులుగా రెండు చోట్లా పోస్తున్నారు, ఒకరు పోస్తున్నట్టు ఇంకొకరికి తెలియదు. లివర్ పరీక్షలు చేసి, విరుగుడు ఎక్కించి, గండం గడిపి పంపారు.

అనంతపురంలో వానలు మొదలయ్యాయి. ప్లేస్కూలు గానీ, క్రెష్ గానీ, అంగన్‌వాడీ గానీ, ఒక పిల్లాడికి ముక్కు కారితే వారం తిరిగేసరికి గదంతా తుమ్ములే. చేతులు కడిగించండి, కాచిన నీళ్లివ్వండి, దోమతెర కట్టండి అని నేను చెప్పను, అవి మీకు తెలిసినవే. నేను చెప్పేది సీసా సంగతి.

అందరూ చేసే తప్పు

పొద్దున పిల్లాడి ఒళ్లు వెచ్చగా ఉంటుంది. అట్లాగే తీసుకుపోతే వెనక్కి పంపిస్తారు. తల్లి సెలవు పెట్టలేదు, కూలికి పోయే ఆమెకైతే ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఎనిమిదింటికి ఒక డోసు పోసి, ఒళ్లు చల్లబడగానే ప్లేస్కూల్లో దించి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోతుంది. నేను ఆమెను తిట్టను. ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేని మనిషికి వేరే దారి ఏముంది? కానీ పదిన్నరకు ఒళ్లు మళ్లీ కాలుతుంది. మేడం బీరువా తెరుస్తుంది. మధ్యాహ్నం ఇంకోసారి. సాయంత్రం ఇంటికొచ్చాక అవ్వ, "పొద్దున్నుంచి బిడ్డకు మందే వేయలేదు" అని జలుబు సిరప్ పోస్తుంది. ఆ జలుబు సిరప్‌లో కూడా పారాసిటమాల్ ఉందని అవ్వకెవరు చెప్పారు?

ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒక్కొక్కరు పోసింది ఒక్కొక్క డోసే. అన్నీ చేరింది ఒకే కడుపులో. ఇంట్లో పోసింది బడికి తెలియాలి, బడిలో పోసింది ఇంటికి తెలియాలి. ఈ ముక్క ఇంకా చాలాసార్లు చెబుతాను, విసుక్కోకండి.

లెక్క ఇదీ. పిల్లలకు పారాసిటమాల్ ఒక డోసుకు కేజీకి 15 మి.గ్రా. వరకు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు, నన్నడిగితే ఆరు గంటలు. 24 గంటల్లో నాలుగుసార్లు మించకూడదు. పన్నెండు కేజీల బిడ్డకు ఒకసారికి 180 మి.గ్రా. అన్నమాట. ఇప్పుడు మీ సీసా తిప్పి చూడండి. కొన్నిటి మీద 5 మి.లీ.కి 120 అని ఉంటుంది, కొన్నిటి మీద 250 అని. మొదటి దాంట్లో ఆ బిడ్డకు 7.5 మి.లీ. పోయాలి, రెండో దాంట్లో సుమారు 3.6 మి.లీ. "మేం ఎప్పుడూ ఏడున్నరే పోస్తాం" అని 250 సీసాలోంచి పోస్తే రెట్టింపు డోసు పడినట్టే. చంటిపిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కన, ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. డ్రాప్స్‌ను సిరప్ అనుకుని 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా., దాదాపు మూడు డోసులు ఒకేసారి. ఇంట్లో ఒక రకం సీసా, ప్లేస్కూల్లో ఇంకో రకం సీసా ఉన్నప్పుడు "ఒక మూత పోశాం" అంటే దానికి అర్థమే లేదు. ఎన్ని మి.లీ., ఏ సీసా, ఎన్ని గంటలకు. మూడూ చెప్పాలి.

ఎక్కువ పడితే వెంటనే తెలియదు, అదీ దీంతో వచ్చిన చిక్కు. మొదటి రోజు కాస్త వాంతులు, నీరసం. జ్వరం వల్లేలే అనుకుంటాం. లివర్ దెబ్బతిన్న సంగతి రెండో రోజో మూడో రోజో బయటపడుతుంది. విరుగుడు ఉంది గానీ, అది మొదటి ఎనిమిది గంటల్లో మొదలుపెడితే బాగా పని చేస్తుంది. పిల్లాడు బాగానే ఆడుకుంటున్నాడు కదా అని తెల్లారేదాకా ఆగకండి.

మరి ప్లేస్కూలు మందు పోయొచ్చా?

నా మాట: సొంత బీరువాలోంచి పోయకూడదు. జ్వరానికీ వద్దు, దగ్గుకూ వద్దు. చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టి ప్రమాదం లేదనుకోవడమే అసలు ప్రమాదం. పిల్లాడి బరువు వాళ్లకు తెలియదు, ఏ మందు పడదో తెలియదు, పొద్దున ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. ఒళ్లు కాలితే పలుచని బట్టలు వేసి, నీళ్లు తాగించి, తల్లికి ఫోన్ చేయాలి. వాళ్ల పని అంతవరకే. మామూలు జ్వరం గంట సేపు మందు లేకుండా ఉన్నంత మాత్రాన పిల్లాడికేం కాదు.

డాక్టరు రాసిచ్చిన మందు మధ్యాహ్నం డోసు పడాల్సి ఉంటే అది వేరు. ఆ పిల్లాడి పేరున్న చీటీ, లేబుల్ చెడని అసలు సీసా, దాంతో వచ్చిన కొలత మూత, తల్లి సంతకంతో కాగితం. నాలుగూ ఉంటే పోయాలి, పోసి టైము రాయాలి. చిన్న డబ్బాలోకి వంచి పంపిన మందును ముట్టుకోవద్దు. అసలు రోజుకు రెండుసార్లతో సరిపోయే మందు ఉందేమో డాక్టరునే అడగండి, చాలాసార్లు ఉంటుంది, బడి గొడవే ఉండదు.

ఆయాసం పిల్లల ఇన్‌హేలర్, ఫిట్స్ పిల్లల మందు లాంటివి "మాకెందుకొచ్చిన టెన్షన్" అని తీసుకోకపోవడం మాత్రం తప్పు. అవి ప్రాణం నిలిపేవి. ఎలా వాడాలో తల్లి ముందే చూపించాలి, ఇద్దరు టీచర్లకైనా రావాలి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు కూడా దగ్గర పెట్టుకోవాల్సినవే. అంగన్‌వాడీలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్రకు పద్ధతి ఉంది: ఏడాది నుంచి రెండేళ్ల దాకా సగం, రెండేళ్లు దాటితే ఒకటి, చిన్నవాళ్లకు పొడి చేసి. ఆ రోజు పిల్లాడికి బాగాలేకపోతే చెప్పండి, తర్వాత వేస్తారు.

దగ్గు సిరప్ సంగతి

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా వైపు 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. వాళ్లు తాగిన, కాంచీపురం జిల్లాలో తయారైన కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం తేలింది. ఉండొచ్చన్న హద్దు 0.1 శాతం. అంతకుముందు 2022లో గాంబియాలో, ఉజ్బెకిస్తాన్‌లో పిల్లలు పోయిందీ ఇలాంటి కల్తీ సిరప్‌లతోనే, అవీ మన దేశంలో తయారైనవే. ఛింద్వాడా తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దు, ఐదేళ్లలోపు వాళ్లకు మామూలుగా అవసరమే లేదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అనే జలుబు మందులు రెండూ కలిసిన సిరప్ నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే రాయమని 2023లోనే ఆదేశం ఉంది. ప్లేస్కూలు వయసే అది. మరి ఆ సీసా బీరువాలో ఎందుకు?

ఇంకో మాట, కొందరికి కోపం రావచ్చు. కొన్ని చోట్ల పిల్లలు మధ్యాహ్నం పడుకోవడానికి దగ్గు మందు పోస్తారు. నిద్ర రావడం ఆ మందు గుణం. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజిన్ లాంటి మత్తు తెచ్చే మందు పడితే ఊపిరే ఆగొచ్చు. మీ బిడ్డ అక్కడ రోజూ మూడు గంటలు కదలకుండా పడుకుంటోందంటే, ఇంటికొచ్చాక కూడా మత్తుగా ఉంటే, నేరుగా అడగండి. మొహమాటం వద్దు.

ఇక మిగతావి వరసగా:

పిల్లాడి సంచిలో చిన్న నోట్‌బుక్ పెట్టండి. ఇంట్లో పోస్తే మీరు రాయండి, అక్కడ పోస్తే వాళ్లు రాయాలి. వాట్సాప్ మెసేజ్ చాలు అనుకోకండి, ఫోన్ నాన్న దగ్గరుంటుంది, మందు అవ్వ పోస్తుంది.

పొద్దున మందు పోసి పంపితే చెప్పి పంపండి. తిట్టినా చెప్పండి.

ప్లేస్కూలు వాళ్లూ, తల్లి చెప్పగానే గేటు దగ్గర నిలబెట్టి అరవకండి. అరిస్తే రేపటి నుంచి దాచిపెడుతుంది.

మందు లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే పంపండి.

చెంచాతో కొలవద్దు. ఉగ్గుగిన్నెతో అసలే వద్దు. మి.లీ. గీతలున్న మూత, లేదంటే సూది లేని సిరంజి.

నిమెసులైడ్ అనే జ్వరం మందు పన్నెండేళ్లలోపు పిల్లలకు 2011 నుంచి నిషేధం. ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి.

ఆస్పిరిన్ వద్దు. డెంగీ రోజుల్లో డాక్టరు చెప్పకుండా ఐబుప్రోఫెన్ వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది.

డెంగీలో జ్వరం తగ్గాకే ప్రమాదం మొదలవుతుంది. ఒళ్లు చల్లబడి, కడుపు నొప్పి, ఆగని వాంతులు, మగత ఉంటే ఆస్పత్రికి.

అన్న సీసాలో మిగిలింది తమ్ముడికి పోయొద్దు.

పాలల్లో మందు కలపొద్దు. సగం తాగి వదిలేస్తే ఎంత పోయిందో దేవుడికే తెలియాలి.

పోసిన వెంటనే కక్కితే వెంటనే మళ్లీ పోయొద్దు. డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

మెడలో కర్పూరం మూట తీసేయండి. నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ వస్తాయి. పూసే బామ్ రెండేళ్లలోపు వద్దు, ముక్కు రంధ్రాల్లో ఎవరికీ వద్దు.

దగ్గుకు తేనె, ఏడాది దాటినవాళ్లకే. ఏడాదిలోపు చుక్క కూడా వద్దు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులోనే, మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు కుదరదు. 24 గంటలు దాటితే పారబోయండి. అట్టపెట్టెలో తియ్యటి డ్రింకు ఓఆర్‌ఎస్ కాదు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

ఇంట్లో పోసింది బడికి, బడిలో పోసింది ఇంటికి. చెప్పారా ఈరోజు?

ఏ సిరప్ తాగిన బిడ్డ అయినా ఆరేడు గంటలు ఒంటికి పోయకపోతే ఆగొద్దు, ఆస్పత్రికి.

మందు ఎక్కువ పడిందని అనుమానం వస్తే వేలు పెట్టి కక్కించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. సీసాలన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని బయల్దేరండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రయినా పలుకుతారు. లైన్ కలిసేదాకా ఇంట్లో కూర్చోకండి, ఆటో ఎక్కాక మాట్లాడొచ్చు.