ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ గేరు బండి: క్రూయిజర్‌ని ఎంచుకోవడం ఎలా?

ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఆర్‌ఎక్స్ 100 మీద తిరిగినవాణ్ని. తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఒక స్కూటరు, ఒక చిన్న కారు. నలభై ఎనిమిదో ఏట మళ్లీ గేరు బండి మీదికి మనసు పోయింది. తిరుపతిలో నాలాంటివాళ్లు తక్కువేం లేరు. ఆదివారం తెల్లవారుజామున చంద్రగిరి రోడ్డులో టీకొట్టు దగ్గర నిలబడితే నెరిసిన గడ్డాలూ మెరిసే క్రూయిజర్లూ (సీటు కిందికి ఉండి, కాళ్లు ముందుకి చాచి కూర్చునే బండ్లు) ఒకేచోట కనబడతాయి.

నేను చేసిన తప్పు ఒకటే. ఏ బండి చూసినా దాన్ని హైవే మీద ఊహించుకున్నాను. నన్ను కింద పడేసింది మాత్రం ఇంటి గేటు ముందున్న పది అడుగుల ర్యాంపు. కాబట్టి కింద చెప్పే పనులన్నీ ఆ పది అడుగుల లెక్కలోనే చదవండి.

మొదటి పని: లైసెన్సు తీసి చూడండి

షోరూమ్‌కి పోయే ముందు బీరువా తెరవండి. కార్డు మీద ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండ్లకి ఇచ్చేది) ఒక్కటే ఉంటే చాలదు, ఎంసీడబ్ల్యూజీ అని కూడా ఉండాలి. గేరు బండికి అదే అనుమతి. 2019లో మోటారు వాహనాల చట్టం మారాక, గడువు తీరి ఏడాది దాటిన లైసెన్సుకు మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాల్సిందే. నలభై దాటినవాళ్లకు ఫారం 1ఎ మీద డాక్టరు సర్టిఫికెట్ కావాలి. బండి కొన్నాక ఇవి గుర్తొస్తే నెలరోజులు కవరు కప్పి చూసుకుంటూ కూర్చోవాలి.

రెండో పని: చిన్న బండి మీద చెయ్యి తిప్పుకోండి

తమ్ముడిదో, పక్కింటివాళ్లదో వంద సీసీ బండి రెండు వారాలు అడిగి తీసుకోండి. రేణిగుంట వైపు ప్లాట్లు వేసి ఇళ్లు రాని లేఅవుట్లు ఎన్నో ఉన్నాయి. పొద్దున ఐదున్నరకి అక్కడ మీరూ కుక్కలూ తప్ప ఎవరూ ఉండరు.

బండి నడపడం మరిచిపోతామనే భయం అక్కర్లేదు. భయపడాల్సింది మధ్యలో నేర్చుకున్న కొత్త అలవాట్లకి. పదేళ్లు స్కూటరు తోలినవాడి ఎడమ చెయ్యి, ఏదైనా అడ్డం రాగానే గట్టిగా పట్టుకుంటుంది. స్కూటరుకి అది బ్రేకు, గేరు బండికి క్లచ్. క్లచ్ నొక్కగానే ఇంజన్ పట్టు వదిలేసి బండి ఇంకా జారిపోతుంది. పాత బుల్లెట్ తోలినవాళ్ల కథ వేరు. వాటికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. కంగారులో ఎడమకాలు తొక్కితే ఇప్పటి బండిలో గేరు పడుతుంది. ఈ అలవాట్లు మాటలతో పోవు, ఖాళీ రోడ్డు మీద యాభైసార్లు ఆగితేనే పోతాయి.

ఆ తర్వాత రెండు ఇటుకలు కొంచెం దూరంగా పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిరగండి. హాఫ్ క్లచ్ (క్లచ్ సగమే నొక్కి పట్టుకోవడం), కొద్దిగా యాక్సిలరేటర్, వెనక బ్రేకు మీద తేలిగ్గా కాలు. చూపు ముందు చక్రం మీద కాకుండా పోవాల్సిన చోట ఉండాలి. మనిషి నడిచే వేగంలో కాలు దించకుండా పది చుట్లు తిరగగలిగితే అప్పుడు షోరూమ్‌కి పోండి.

మూడో పని: బరువు తూచండి, సీటు ఎత్తు ఒక్కటే చూసి మురిసిపోకండి

అసలు కథ ఇక్కడే ఉంది. షోరూమ్‌లో కుర్రాడు ముందు చెప్పే మాట, "కూర్చోండన్నా, కాళ్లు రెండూ ఆనుతాయి చూడండి". ఆనుతాయి, నిజమే. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియార్ 650 సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు, మీటియార్ 350ది 765. పెద్దబండే కిందికి ఉంది. కానీ బరువు చూడండి: మొదటిది 241 కేజీలు, రెండోది 191. ఆ యాభై కేజీలు పరిగెత్తేటప్పుడు తెలియవు, ఆగేటప్పుడు తెలుస్తాయి. బజాజ్ అవెంజర్ 220 అయితే 163 కేజీలు, సీటు 737. ఐదున్నర అడుగుల లోపువాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు దాన్ని చిన్నచూపు చూడొద్దు.

ఒక స్నేహితుడి 650 సీసీ బండిని నేను బైరాగిపట్టెడలో వాళ్ల ఇంటి ముందు తిప్పబోయాను. మన వీధుల సంగతి తెలిసిందే కదా, ప్రతి ఇంటి ముందూ కాలువ మీద సిమెంటు ర్యాంపు. ముందు చక్రం ర్యాంపు మీద, వెనక చక్రం రోడ్డు మీద, హ్యాండిల్ పూర్తిగా కుడికి. ముందు బ్రేకు పట్టాను. కుడికాలు దించితే కాలువ అంచు తగిలింది, నేల తగల్లేదు. బండి పడిపోలేదు, మెల్లగా పడుకుంది, నన్ను కూడా పడుకోబెట్టింది. క్రాష్ గార్డు లేకపోతే కాలు నలిగేదే. ఎదురింటి పెద్దాయన అరుగు మీంచి, "ఏందప్పా, నువ్వు బండిని తోల్తా ఉండావా, బండి నిన్ను తోల్తా ఉండాదా?" అన్నాడు.

అందుకే షోరూమ్‌లో ఇంజన్ ఆపి ఈ మూడూ చేయండి. సైడ్ స్టాండ్ తీసి బండిని నిటారుగా నిలబెట్టండి. పక్కన నిలబడి పది అడుగులు వెనక్కి నెట్టండి. తర్వాత ఎక్కి కూర్చుని, కాళ్లతోనే వెనక్కి నడిపించండి, వీలైతే కాస్త ఎత్తున్న చోట. ఆయాసం వస్తే, నచ్చినా సరే, ఆ బండి మీది కాదు. ఇంటికొచ్చి మీ ర్యాంపు వెడల్పు, గేటు వెడల్పు టేపుతో కొలవండి.

పడిన బండిని లేపడం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంజన్ ఆపి, గేరులో వేయండి. కుడివైపు పడితే సైడ్ స్టాండ్ ముందే వేసి పెట్టండి, లేకపోతే అటు లేపి ఇటు పడేస్తారు. వీపు సీటుకి ఆనించి గొంతుకూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ పట్టుకుని కాళ్ల బలంతో వెనక్కి అడుగులేయండి. నడుము వంచి లాగితే బండి లేస్తుందేమో గానీ మీరు లేవరు.

నాలుగో పని: నడుము, సీటు, ఇల్లాలు

క్రూయిజర్‌లో కాళ్లు ముందుకి చాచి కూర్చుంటాం. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కానీ బరువంతా నడుము కింద పడుతుంది, స్పీడ్ బ్రేకర్ వస్తే మామూలు బైకు మీదలాగా ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడలేం. మన పల్లెల్లో బ్రేకర్లు ఎంతెంత పోస్తారో చెప్పక్కర్లేదు. సూపర్ మీటియార్‌కి నేలకీ బండి అడుక్కీ మధ్య 135 మిల్లీమీటర్లే, మీటియార్ 350కి 170. నడుము నొప్పి ఉన్నవాళ్లు కాళ్లు మరీ ముందుకి పోని హోండా హైనెస్ సీబీ350 లాంటివి కూడా కూర్చుని చూడండి. అది క్రూయిజరేనా అని ఎవరైనా వాదిస్తే వాదించనివ్వండి.

ఇల్లాలిని తప్పకుండా వెంట తీసుకుపోండి, చీర కట్టుకునే రమ్మనండి. మా ఆవిడ ఒక బండి మీద పక్కకి తిరిగి కూర్చోబోయి, "దీని మీద నేను కాదు, నా హ్యాండ్‌బ్యాగ్ కూడా నిలవదు" అని దిగిపోయింది. వెనక సీటు అరచేయంత ఉండి, సైలెన్సర్ మడమకి దగ్గరగా ఉంటే తిరుచానూరు దాకా కూడా రారు. సారీ గార్డు, వెనక ఫుట్‌రెస్ట్, పట్టుకునే రెయిల్ అన్నీ అక్కడే చూపించమనండి.

ఐదో పని: ఎక్కడ తోలతారో ఆలోచించి ఇంజన్ తీసుకోండి

తిరుమల కొండకి పోవడానికి పెద్ద ఇంజన్ కావాలని చాలామంది అంటారు. అలిపిరి నుంచి పైకి కనీసం 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు పట్టాలన్నది ఘాట్ నియమం. అంతకన్నా ముందే చేరితే జరిమానా. ఇక సూపర్ మీటియార్‌లో ఉన్న 47 హార్స్‌పవర్‌తో ఏం చేస్తాం? మీటియార్ 350లో ఉన్న ఇరవై హార్స్‌పవర్ ఇద్దరికీ సరిపోతుంది. దిగే దారి 1944 నాటి పాత ఘాట్, మలుపులు బిగువుగా ఉంటాయి. పొడవాటి క్రూయిజర్ తిరగడానికి చోటు ఎక్కువ కావాలి. రెండో గేరులో, మూడో గేరులో ఇంజన్ పట్టు మీదే దిగండి, బ్రేకుని కాల్చకండి. రాత్రిపూట టూవీలర్లని వదలరు, వేళలు మారుతుంటాయి కాబట్టి అడిగి బయల్దేరండి. భాకరాపేట ఘాట్‌కీ ఇదే పద్ధతి.

టెస్ట్ రైడ్ చల్లటి పొద్దున వద్దు. మే నెల అయితే మధ్యాహ్నం రెండింటికి లీలామహల్ సర్కిల్ మీదుగా తోలండి. గాలితో చల్లబడే ఇంజన్ వేడి తొడకి ఎంత తగులుతుందో, క్లచ్‌కి ఎడమ చెయ్యి ఎంత లాగుతుందో అక్కడ తెలుస్తుంది. ఒక యూటర్న్ కూడా తిప్పండి.

కొత్త బండ్లలో కొన్ని సంగతులు మిమ్మల్ని తికమక పెడతాయి. పెట్రోలు అయిపోతుంటే తిప్పే రిజర్వు నాబ్ కోసం చెయ్యి ట్యాంకు కిందికి పోతుంది. 2020లో బీఎస్6 అనే పొగ నిబంధనలు వచ్చి, ఇంజన్‌కి పెట్రోలు అందించే పాతకాలం కార్బురేటర్లు పోయాక అది దాదాపు కనబడదు. హెడ్‌లైట్ ఆపేందుకు స్విచ్ ఉండదు. సైడ్ స్టాండ్ వేసి గేరు వేస్తే చాలా బండ్లు ఆగిపోతాయి, చెడిపోయిందనుకోకండి.

ఆరో పని: డబ్బు

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు మించితే 40 శాతం. మీటియార్ 350 లాంటి 349 సీసీ బండికి ఇది కలిసొచ్చింది. కొటేషన్ ఎక్స్‌షోరూమ్ ధర మీద కాక ఆన్‌రోడ్ ధర మీద రాయించుకోండి. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, అదీ అందులోనే ఉండాలి.

సెకండ్ హ్యాండ్ అయితే 2019 ఏప్రిల్ తర్వాతిది చూడండి, అప్పట్నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉండాలి. ఆర్సీలో ఛాసిస్ నంబరు బండి మీదున్నదానితో కలిపి చూడండి, చలాన్లు బాకీ ఉన్నాయేమో చూడండి. టైరు పక్కన నాలుగంకెలు వెతకండి: 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు గొట్టాలని వేలితో తుడవండి, నూనె అంటితే దాన్ని ఆపే సీళ్లు పోయినట్టే.

బండి ఇంటికి వచ్చాక నెలరోజులు ఒక్కరే తోలండి, చిత్తూరు రోడ్డు దాకానో కాణిపాకం దాకానో. వెనక ఇంకో మనిషి బరువు పడితే ఆ ర్యాంపు మళ్లీ కొత్తదవుతుంది. హెల్మెట్లు మాత్రం ఐఎస్ఐ గుర్తున్నవి రెండూ ఒకేరోజు కొనండి, రెండోది ఆమె తలకి పెట్టి చూసి కొనండి.