ప్రశ్నపత్రంలో రెండు రకాల 2

విజయనగరంలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. ప్రశ్నపత్రాలు జీలాటెక్‌ (XeLaTeX) అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌లో నేనే కూర్చుకుంటాను. తెలుగుకు గురజాడ ఫాంటు వాడతాను. మా ఊరి మహాకవి పేరున్న అక్షరాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

మొన్న జిరాక్సు తీయించాక చూస్తే వాక్యాలు నల్లగా, సూత్రాలు వెలిసిపోయినట్టు ఉన్నాయి. జీలాటెక్‌లో గణితానికి ఫాంటు చెప్పకపోతే, దాని మూలమైన టెక్‌ను సృష్టించిన డోనాల్డ్ క్నూత్ రూపొందించిన కంప్యూటర్ మోడర్న్ వంశపు అక్షరాలే వస్తాయి. వాటి గీతలు సన్ననివి. భిన్నంలో గీత కింది అంకె సగం చెరిగిపోయింది. పిల్లవాడు 8ని 3గా చదివితే తప్పు వాడిది కాదు.

సూత్రాలకు ఫాంటు ఎంచుకోనిచ్చే యూనికోడ్‌-మ్యాథ్ ప్యాకేజీ చేర్చి, ఇంగ్లీషు అక్షరాలకు స్టిక్స్ టూ టెక్స్ట్ ఫాంటు, సూత్రాలకు దాని జోడీ స్టిక్స్ టూ మ్యాథ్ పెట్టాను. నలుపు సరిపోయింది.

అయినా ఏదో తేడా. భూతద్దంతో చూశాను: ‘2 మీటర్లు’ అన్నచోట 2 గురజాడది, సూత్రంలోని 2 స్టిక్స్‌ది! వాక్యంలోని అంకెలను కూడా, సూత్రాలను రాసినట్టే, డాలర్ గుర్తుల మధ్య పెట్టాను; అప్పుడు వాటికీ స్టిక్స్ వచ్చింది. ఆపై, ఫాంట్లు ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో సైజు మార్చే స్కేల్‌తో, తెలుగు అక్షరాలు స్టిక్స్ పక్కన సరితూగేలా కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ కాగితం మీదే సరిచూశాను. తెర మీద చూసి తేల్చుకోకండి.