డ్రోన్ సర్వేలో సెన్సార్ కోణం సరిచేసిన తీరు: నా అనుభవం

పరకాల సమీపంలోని ఒక చెరువు కట్టను డ్రోన్‌తో సర్వే చేసినప్పుడు, ఉత్తరానికి ఎగిరిన వరుసలో కనిపించిన తూము, దక్షిణానికి ఎగిరిన వరుసలో మరోచోట కనిపించింది. ఎగిరే దిశతో పాటు తేడా కూడా తిరగబడుతోందంటే కారణాలు ముఖ్యంగా రెండు: కెమెరా ఆలస్యంగా ఫోటో తీయడం, లేదా కెమెరాకూ వంపును కొలిచే జడత్వ సెన్సార్‌కూ మధ్య లెక్కలోకి రాని కోణం ఉండడం. ఆలస్యమైతే దోషం వేగంతో పెరుగుతుంది, కోణమైతే ఎత్తుతో పెరుగుతుంది. వేగాన్నీ ఎత్తునూ విడివిడిగా మార్చి చూసే ఈ పరీక్షను వదిలేసి నేరుగా సాఫ్ట్‌వేర్‌లో అంకెలు మార్చడం నా దృష్టిలో ప్రమాదకరం. నేను వేగం మార్చినా తేడా మారలేదు, ఎత్తు పెంచితే పెరిగింది; అంటే కారణం కోణమే.

ఒక డిగ్రీ కోణం 100 మీటర్ల ఎత్తులో నేలమీద దాదాపు 1.75 మీటర్లవుతుంది. జడత్వ సెన్సార్ల మీదే ఆధారపడే క్షిపణిలో ఇది మరింత తీవ్రం: అడ్డంగా ఉండవలసిన త్వరణ సెన్సార్ ఒక డిగ్రీ ఒరిగితే, గురుత్వాకర్షణలో కొంత భాగం కదలికగా నమోదై, నిమిషంలోనే సుమారు 300 మీటర్ల దోషం పేరుకుంటుంది.

కెమెరా పలక కింద ఒకవైపు అణిగిపోయిన రబ్బరు దిమ్మెలను మార్చి, ఎదురెదురు వరుసల తేడాలో సగాన్ని ఎత్తుతో భాగించి మిగిలిన కోణాన్ని లెక్కించి సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేశాను. ఆ తర్వాత రెండు వరుసల్లోనూ తూము ఒకేచోట పడింది.