తుప్పు పాఠాలు – 3: రెండింట్లో చిన్నది ఏది?

పోయిన పాఠంలో రెండు ఇనప మేకుల్ని ఉప్పునీళ్లలో వేసి ఉంచమన్నాను. ఒకటి ఉత్త మేకు, రెండోది రాగితీగ చుట్టిన మేకు. ఈపాటికి తీగ చుట్టిన గ్లాసులో తుప్పు ఎక్కువ పేరుకుని ఉంటుంది. వేర్వేరు లోహాలు రెండు, అవి ఒకదానికొకటి తగిలి ఉండటం, రెండింటినీ తడిపే నీరు: ఈ మూడూ కుదిరితే అదొక చిన్న బ్యాటరీ అని అప్పుడే చెప్పుకున్నాం. మూడింట్లో ఏ ఒక్కటి తప్పించినా ఆట ఆగిపోతుంది.

ఇవాళ్టి పని, ఒక అతుకు చూడగానే అందులో ఏ లోహం పోతుందో, త్వరగా పోతుందో మెల్లగా పోతుందో చెప్పగలగడం.

ఏది పోతుందన్నది సులువే. ఈ వరస నోటికి పట్టండి: మెగ్నీషియం, జింకు, అల్యూమినియం, ఇనుము, సీసం, తగరం, ఇత్తడి, రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు, వెండి, బంగారం. తగిలి ఉన్న రెండింట్లో ముందు పేరున్నది కరుగుతుంది, వెనక పేరున్నది నిలుస్తుంది. రసాయనశాస్త్రం గుర్తున్నవాళ్లు ఇక్కడ నన్ను పట్టుకుంటారు. పుస్తకంలో అల్యూమినియానికి −1.66 వోల్టులు, జింకుకి −0.76 అని ఉంటుంది కదా (మైనస్ అంకె ఎంత పెద్దదైతే ఆ లోహం అంత సులువుగా కరుగుతుందని లెక్క), మరి అల్యూమినియం ముందుండొద్దా అని. పుస్తకం చెప్పేది శుభ్రమైన లోహం సంగతి. మనింట్లో ఉన్న అల్యూమినియానికి గాలి తగలగానే కంటికి కనపడని ఆక్సైడు పొర పడుతుంది. ఆ పొరతో కలిపి ఉప్పునీళ్లలో కొలిస్తే అది జింకు తర్వాతే వస్తుంది. మనకి ఈ లెక్కే కావాలి.

వరస మరిచిపోతే మల్టీమీటరు ఉంది. రెండు ముక్కల్నీ తగలకుండా ఉప్పునీళ్లలో ముంచి, డీసీ మిల్లీవోల్టుల్లో చూడండి. అంకె ముందు మైనస్ రాకపోతే, నల్ల వైరు పెట్టిన లోహమే పోయేది. మైనస్ వస్తే ఎర్ర వైరుది.

అసలు పాఠం ఇక్కణ్ణించి. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుభాగానికి రాగి రేకులు తొడిగింది, చెక్కని తొలిచే పురుగుల బెడద తప్పుతుందని. రేకుల్ని కొట్టింది ఇనప మేకులతో. రెండేళ్లకి విప్పి చూస్తే రాగికి ఏమీ కాలేదు, మేకులు మాత్రం చాలాచోట్ల తినేసి ఉన్నాయి. కొన్ని మేకులు బాగానే ఉన్నాయి. రేకులు చుట్టి వచ్చిన కాగితం వాటికీ రాగికీ మధ్య అలాగే ఉండిపోయింది మరి. ఒకడి బద్ధకం అంత మేలు చేసింది.

మేకులు అంత త్వరగా ఎందుకు పోయాయి? ఇనుము వదిలిన ఎలక్ట్రాన్లని నీళ్లలోని ఆక్సిజన్ రాగి ఉపరితలం మీద తీసుకుంటుంది. రాగి ఎంత విశాలంగా ఉంటే అంత ఎక్కువ లాగుతుంది. ఆ మొత్తం బాకీ తీర్చాల్సింది వేలెడు మేకు. అదే తిరగేసి ఇనప రేకుకి రాగి మేకులు కొట్టారనుకోండి, లాగే చోటు కొంచెం, ఇచ్చే చోటు బోలెడు. ఇనుము పోతుంది కానీ నష్టం రేకంతా పంచుకుంటుంది, ఏళ్లు పడుతుంది.

కాబట్టి అతుకు చూడగానే వేసుకోవలసిన ప్రశ్న, పోయేది చిన్నదా పెద్దదా అని. అల్యూమినియం కిటికీ చట్రానికి స్టెయిన్‌లెస్ స్క్రూ ఫరవాలేదు. స్టెయిన్‌లెస్ రేకుకి అల్యూమినియం రివెట్టు వద్దే వద్దు. స్టెయిన్‌లెస్ వాడితే తుప్పు బాధ ఉండదని చాలామంది నమ్మకం. దానికి ఉండదు, పక్కదానికి ఉంటుంది.

ఇక రంగు సంగతి. అందరూ చేసే తప్పు, నేనూ చాలాకాలం చేసిన తప్పు, తుప్పు పట్టేదానికి మాత్రమే రంగు వేయడం. రంగు మీద ఎక్కడో ఒక గీత పడుతుంది. అప్పుడు ఆ గీతంత ఇనుము ఒక్కటే పెద్ద రాగి ఆకలి తీర్చాలి. అక్కడే గుంట పడి, రేకు చిల్లి అవుతుంది. రంగు లేకుండా వదిలేసినా ఇంత త్వరగా చిల్లి పడేది కాదు. కుదిరితే రెండింటికీ వేయండి. ఒక్కదానికే వేయగలిగితే తుప్పు పట్టనిదానికి వేయండి. మధ్యలో నైలాన్ వాషరు పెట్టినప్పుడు బోల్టు చుట్టూ నైలాన్ గొట్టం కూడా తొడగాలి. లేకపోతే బోల్టు ఒళ్లే రెండింటినీ కలిపేస్తుంది, వాషరు దండగ.

నీళ్ల పైపుల్లో ఒక మెలిక ఉంది. జింకు పూత పైపూ రాగి పైపూ ఒకే దారిలో ఉంటే, నీరు ముందు జింకు పూతలోంచి వెళ్లి తర్వాత రాగిలోకి వెళ్లాలి. తిరగబడితే నీళ్లలో కరిగిన రవ్వంత రాగి వెళ్లి జింకు మీద పేరుకుంటుంది. రెండు పైపులూ ఒకదానికొకటి తగలకపోయినా సరే, పేరుకున్న ప్రతిచోటా ఒక బ్యాటరీ.

రాగి, అల్యూమినియం కరెంటు తీగల్ని మాత్రం మీరు ముట్టుకోకండి. ఆ అతుకు వదులై వేడెక్కి నిప్పంటుకోగలదు. దానికి తగిన కనెక్టర్లున్నాయి, ఎలక్ట్రీషియన్‌తో వేయించండి.

ఈ వారం పని: రెండు గ్లాసుల ఉప్పునీళ్లు, రెండు మేకులు, మేకుకన్నా బాగా పెద్దవైన రెండు రాగి ముక్కలు. ఒక్కో మేకునీ ఒక్కో రాగి ముక్కకి తీగతో గట్టిగా కట్టండి. మొదటి గ్లాసులో మేకుకి గోళ్ల రంగు పూసి, ఆరాక సూదితో ఒక్క గీత గీయండి. రెండో గ్లాసులో మేకుని వదిలేసి రాగికి పూయండి, దానికీ ఒక్క గీత. రోజూ ఒకే వేళకి చూసి, తుప్పు ఎక్కడ మొదలైందో బొమ్మ గీసి పెట్టుకోండి. నీటిహీటరు లోపలుండే మెగ్నీషియం కడ్డీ దగ్గరికి వచ్చే పాఠంలో వెళ్దాం, అప్పుడు ఈ బొమ్మలు కావాలి.