దసరాకి సెకండ్ హ్యాండ్ కారు: తాళం కంటే ముందు పేరు మారాలి

మా వీధి చివరింటి మాస్టారు రిటైరయ్యాక తన పాత వ్యాగన్ ఆర్‌ని 2 లక్షల 15 వేలకి అమ్మేశారు. కొన్న కుర్రాడు బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ తీసుకెళ్ళాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఆయన ఫోన్లో ఉంది. పద్నాలుగు నెలల తర్వాత, మొన్న శ్రావణ శుక్రవారం నాడు కోర్టు నోటీసు వచ్చింది. ఆ కారు రాత్రిపూట ఒక బైకుని గుద్దింది. బైకు మీది మనిషి చనిపోయాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. ఆ కుటుంబం వేసిన పరిహారం కేసులో మొదటి ప్రతివాది డ్రైవరు, రెండో ప్రతివాది మా మాస్టారు. అడిగిన మొత్తం 38 లక్షలు.

"నేను అమ్మేశాను కదయ్యా" అని ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. సీ బుక్కులో, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితంలో, పేరు మాత్రం ఆయనదే. బండికి ఇన్సూరెన్సు లేదు, గడువు తీరిపోయి చాలా రోజులైంది. రెన్యువల్ చేయించమని మెసేజీలు ఆయన ఫోన్‌కే వచ్చాయి. బండే లేనప్పుడు ఇన్సూరెన్సు ఎందుకని ఒక్కొక్కటీ డిలీట్ చేశారు.

నేను విజయవాడలో పదహారేళ్ళుగా వాహనాల ఇన్సూరెన్సు పని చేస్తున్నాను. పాత కారు కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు పాలసీ మార్పించుకోవడానికో, క్లెయిము ఫారం నింపించుకోవడానికో వస్తుంటారు. ఇంజను పోయిన కారు కొని నష్టపోయినవాళ్ళని చాలామందిని చూశాను. ఏడాదికో రెండేళ్ళకో వాళ్ళు తేరుకున్నారు. పేరు మార్చకుండా బండి చేతులు మార్చి దొరికిపోయినవాళ్ళు తేరుకోవడం మాత్రం నేను చూడలేదు. దసరా దగ్గర పడుతోంది, బేరాలు జోరందుకుంటాయి. టైర్లు, రంగు, టెస్ట్ డ్రైవ్ సంగతులు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. పేరు మారందే తాళం ఇవ్వకండి. పేరు మారందే మొత్తం డబ్బు ఇవ్వకండి.

పాత కారు దగ్గరికే ఎందుకు వెళ్తున్నాం

మా నాన్నగారి తరం అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఇప్పుడు షోరూముల నిండా కార్లే. కానీ నాలుగైదు లక్షలు పట్టుకుని వెళ్ళినవాళ్ళకి మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మారుతీ 800 తయారీ 2014లో ఆగిపోయింది. లక్ష రూపాయల కారుగా పేరు మోసిన నానో 2018లో ఆగింది. ఆల్టో 800 కూడా 2023లో ఆగింది. 2019 ఏప్రిల్ నుంచి గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఆ జులై నుంచి డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్, 2020 ఏప్రిల్ నుంచి కాలుష్యం తక్కువ వదిలే బీఎస్6 ఇంజను తప్పనిసరి అయ్యాయి. అన్నీ కావలసినవే, కానీ ఆ ఖర్చంతా ధరలోకే వచ్చి చేరింది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గాక కాస్త ఊరట దొరికింది. అయినా లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపేసరికి అతి చిన్న కారుకి కూడా బోర్డు మీది ధర కంటే అర లక్షకు పైనే ఎక్కువ అవుతుంది. అదే డబ్బుకి ఆరేడేళ్ళ స్విఫ్టో ఐ20నో వస్తుందంటే మనసు అటే లాగుతుంది. లాగడంలో తప్పు లేదు. తప్పు జరిగేది కాగితాల దగ్గర.

అమ్మేవాళ్ళకి

బళ్ళ బేరాల్లో "ఓపెన్ పేపర్లు" అనే మాట వింటారు. బండి అమ్మామని తెలిపే ఫారం 29 రెండు కాపీలు, పేరు మార్చమని అడిగే ఫారం 30, వాటి మీద మీ సంతకాలు. కొన్నవాడి పేరు ఉండాల్సిన చోట ఖాళీ, తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. ఆ సెట్టు చేతిలో ఉంటే బ్రోకరు బండిని ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి అమ్ముకోవచ్చు. ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ ఖర్చు మిగులుతుంది. అంతకంటే ముఖ్యంగా, సీ బుక్కులో "ఫస్ట్ ఓనర్" అని అలాగే ఉంటుంది కాబట్టి ధర పడిపోదు. లాభం వాళ్ళది. బండి ఏం చేసినా పూచీ మీది.

మోటారు వాహనాల చట్టం లెక్కలో ఓనరంటే రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్ళే. 2018లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. కారు ఒకరి తర్వాత ఒకరికి అమ్ముడుపోతూ వెళ్ళింది, పేరు మాత్రం మారలేదు, ఈలోపు ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని కోర్టు తేల్చింది. బాధితుడి కుటుంబం బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాలనడం న్యాయం కాదన్నది అందులోని ఆలోచన. అది సరైన ఆలోచనే. ఆ బైకు మనిషి పిల్లల వైపు నిలబడి చూస్తే ఎవరూ కాదనలేరు.

ప్రమాదాలే కాదు. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా చేతులు మారుతూ వెళ్ళినదే. పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వెళ్ళింది రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషి దగ్గరికి.

"అమ్మిననాటికి పాలసీ ఉంది కదా" అని నాతో చాలామంది అంటారు. నిజమే, పాలసీ బతికున్నంతవరకు థర్డ్ పార్టీ పరిహారం, అంటే బండి వల్ల బయటివాళ్ళకి జరిగిన నష్టానికి ఇచ్చేది, కంపెనీ చూసుకుంటుంది. ఆ తర్వాత ఎవరు కడతారు? కొన్నవాడికి గడువు తేదీ తెలియదు, మెసేజీలు మీకొస్తాయి. మాస్టారి విషయంలో జరిగింది అక్షరాలా ఇదే.

కాబట్టి టోకెన్ తీసుకోండి, స్లాట్ బుక్ చేయండి, కొన్నవాళ్ళతో కలిసి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళండి. దరఖాస్తు తీసుకున్నట్టు రసీదు తీసుకోండి, పేరు మారాకే తాళం ఇవ్వండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో ఆ సంగతి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాళ్ళదని చట్టంలోనే ఉంది. కొన్నవాళ్ళకి 30 రోజులు. "వాళ్ళు చేయించుకుంటారులే" అనే మాట చట్టంలో ఎక్కడా లేదు.

డీలరుకి అమ్ముతుంటే ఇంకో దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ళ డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. అలాంటి డీలరుకి బండి అప్పగిస్తూ ఇద్దరూ కలిసి ఆన్‌లైన్లో ఫారం 29సి (బండి డీలరుకి అప్పగించామని తెలిపేది) ఇస్తే, అక్కడినుంచి బండి పూచీ డీలరుదే. అధికార పత్రం చూపించమని అడగండి. లేదంటే ఇంకో డీలరు దగ్గరికి వెళ్ళండి.

కొనేవాళ్ళకి

ఈ తప్పు కొన్నవాళ్ళనీ వదలదు. ఒక కుర్రాడు ఐదేళ్ళ ఐ20 కొన్నాడు. పాత ఓనరుకి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉందని, ప్రీమియం తక్కువ పడుతుందని పాలసీ ఆయన పేరు మీదే రెన్యువల్ చేయిస్తూ వచ్చాడు. సూర్యాపేట దాటాక డివైడరు ఎక్కింది. రిపేరు 2 లక్షల 80 వేలు. నష్టం లెక్కకట్టే సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, సీ బుక్కు అడిగాడు, పాలసీ అడిగాడు. రెండిట్లోనూ వేరే పేరు. క్లెయిము కొట్టేశారు. బోనస్ మనిషిది, బండిది కాదు. అమ్మిన రోజున అది అమ్మినవాళ్ళతోనే వెళ్ళిపోతుంది. సొంత బండి డ్యామేజీకి మీకు డబ్బు రావాలంటే కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరుకి మార్పించుకోవాలి.

మరొకాయన మూడేళ్ళు ఓపెన్ పేపర్ల మీదే తిరిగారు. అమ్ముదామనుకునేసరికి పాత ఓనరు కాలం చేశారు. వారసులు సంతకం పెట్టాలి, ముగ్గురు కొడుకుల్లో ఒకరు పెట్టనన్నారు. ఆ కారు ఇప్పుడు ఆయన ఇంటి ముందు కవరు కప్పుకుని ఉంది.

సీ బుక్కులో ఫైనాన్స్ పేరు ఉంటే జాగ్రత్త. "మీరు డబ్బిచ్చాక లోను కట్టేస్తాను" అంటే ఒప్పుకోకండి. మీరే బ్యాంకుకి వెళ్ళి, ఆ లోను ఖాతాలోనే కట్టి, బాకీ లేదనే ఎన్ఓసీ, సీ బుక్కులోంచి ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 తీసుకోండి.

బండి సంగతి కొంచెం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. చెన్నైలో 2023 డిసెంబరులో, హైదరాబాదులో 2020 అక్టోబరులో కూడా ఇలాగే మునిగాయి. ఇన్సూరెన్సు కంపెనీలు టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం దండగని, తీసేసిన బళ్ళు వేలంలో పోయి, కడిగించుకుని, సెంటు కొట్టించుకుని మళ్ళీ అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టుని చివరికంటా బయటికి లాగండి. మామూలుగా ఎవరూ అంతవరకు లాగరు కాబట్టి కడిగేవాళ్ళూ అక్కడిదాకా వెళ్ళరు. బెల్టు చివరన బురద చారో గట్టిపడిన మట్టో కనిపిస్తే, ఎంత తక్కువకి ఇస్తామన్నా వద్దనండి. స్టెప్నీ తీసి దాని గుంటలో చేయి పెట్టి చూడండి. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి.

2019 జులైకి ముందు తయారైన బేస్ మోడళ్ళలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులే లేవు. 2014లో కార్లను గుద్ది భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను ఎయిర్‌బ్యాగుల్లేకుండా గుద్ది చూస్తే ఐదింటికీ వచ్చింది సున్నా స్టార్లే. పిల్లలున్న ఇల్లయితే ఒక లక్ష తక్కువ మోడల్ కోసం ఎయిర్‌బ్యాగుల్ని వదులుకోకండి.

ఇక వరసగా రాసేస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

- ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. ఎవరడిగినా, ఎంత దగ్గరివాళ్ళడిగినా పెట్టకండి.
- నూరు రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న సేల్ లెటరు పేరు మార్పు కాదు.
- బండి తప్పనిసరిగా ఆ రోజే ఇవ్వాల్సి వస్తే డెలివరీ నోట్ రాయించండి. తేదీ, టైము గంట నిమిషాలతో సహా, కిలోమీటర్ల రీడింగు, ఇద్దరి సంతకాలు, ఆధార్ కాపీ. ధరలో కొంత సొమ్ము పేరు మారేదాకా ఆపి ఉంచమని మీరే అడగండి, కొన్నవాళ్ళకీ అది రక్షణే.
- అమ్మేవాళ్ళయితే నింపిన ఫారం 29 కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. ఒకటి ఆర్టీఏకి రిజిస్టర్డ్ పోస్టులో మీరే పంపండి.
- ఫాస్టాగ్ మూసేయండి. లేదంటే వాళ్ళు దాటిన టోల్‌గేట్లకి మీ డబ్బు పోతుంది.
- కొనేముందు చలానాలు చూడండి. ఆన్‌లైన్లో బండి నంబరు కొడితే వస్తాయి.
- చాసిస్ నంబరు బండి మీద చూసి, సీ బుక్కుతో ఒక్కో అక్షరం పోల్చండి. 17 అక్షరాలు. గీకినట్టుంటే వెనక్కి వచ్చేయండి.
- మీటరు రీడింగు నమ్మకండి. కంపెనీ సర్వీస్ సెంటరులో పాత రికార్డు అడిగించండి, అమ్మేవాళ్ళనే పక్కన నిలబెట్టుకుని.
- ఢిల్లీ బండి చవగ్గా వస్తోందంటే ఎందుకో తెలుసుకోండి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళ మీద పెట్టిన ఆంక్షలే కారణం. అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్ఓసీ లేకుండా ముట్టుకోకండి. ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు కలిపి బేరం ఆడండి.
- జీఎస్టీ తగ్గకముందు కొత్త కారు ధర చూపించి పాత కారుకి రేటు చెబితే ఒప్పుకోకండి. ఈ రోజు షోరూమ్ ధర అడిగి, దాని మీద లెక్క కట్టండి.
- బావమరిదికి ఇచ్చినా, స్నేహితుడికి ఇచ్చినా పేరు మార్చే ఇవ్వండి. నేను చూసిన కేసుల్లో సగం బంధువుల మధ్యవే.
- పేరు మారందే తాళం ఇవ్వకండి.
- పండగ రోజు ముహూర్తం దాటిపోతుందని తొందరపెడితే పూజ మర్నాడు చేసుకోమనండి.
- పేరు మారిందని ఫోన్లో చెబితే నమ్మకండి. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో మీ కళ్ళతో చూడండి.
- ఎప్పుడో అమ్మేసినవాళ్ళు ఈ రోజే పాత నంబరు కొట్టి చూడండి. ఇంకా మీ పేరే వస్తోందా? కొన్నవాళ్ళని పట్టుకుని ఆర్టీఏకి తీసుకెళ్ళండి. దొరక్కపోతే ఆర్టీఏకి, పోలీసులకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అదే పేజీలో ఇన్సూరెన్సు గడువు చూడండి. తీరిపోయి ఉంటే, బండి ఎవరి దగ్గరున్నా, పేరు మారేదాకా థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మీరే కట్టండి. 1000 సీసీ లోపు కారుకి 2022లో ఖరారైన రేటు ఏడాదికి 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. మాస్టారి వ్యాగన్ ఆర్‌కి అయ్యేది కూడా అంతే.