ఇంటిల్లిపాదీ పెంచుకునే బల్లి – రెండో పాఠం: పెట్టె ముందు, జంతువు తర్వాత

విశాఖ కుటుంబాల కోసం రాస్తున్న ఈ పాఠాల్లో మొదటిదానిలో ఏ జాతిని ఎంచుకోవాలో తేల్చుకున్నాం. కొత్తగా చేరినవారి కోసం దాని సారం మాత్రం చెప్పి ముందుకు వెళ్దాం.

మన నేల మీద పుట్టిన ఏ బల్లినీ పట్టి ఇంటికి తేకూడదు. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మొదటి షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది. దాన్ని పట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు. కొండ పక్క కాలనీల్లో కనబడే ఊసరవెల్లినీ అలాగే వదిలేయండి. లెపర్డ్ గెకో అందంగా ఉంటుంది, పెంచడమూ సులువే. కానీ దాని దగ్గరి బంధువు మన తూర్పు కనుమల్లోనే ఉంది, అదే జాతి దేశానికి వాయవ్యాన అడవుల్లో తిరుగుతుంది. చట్టంతో చిక్కు ఎందుకని దాన్ని పక్కన పెట్టాం. ఇగువానా పెరిగితే మీటరున్నర దాటుతుంది. పైగా అది సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జంతువు. అలాంటివాటిని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అపార్ట్‌మెంట్ కుటుంబానికి అది తగదు.

మిగిలింది బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియా ఎండు నేలల జంతువు, మన తొండ కుటుంబానికే చెందినది. ముక్కు నుంచి తోక చివరిదాకా 40 నుంచి 60 సెం.మీ., ఆయుష్షు 8 నుంచి 12 ఏళ్లు. ఐదో తరగతి పిల్లాడికి కొనిస్తే వాడి డిగ్రీ అయ్యేదాకా బతకవచ్చు. మధ్యలో ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్లిపోతే దాన్ని చూసుకోవాల్సింది అమ్మానాన్నలే. ఈ ఒక్క మాటకి ఇద్దరూ సరేనంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి. కొనేముందు చట్టంలో సైటిస్ జంతువుల జాబితా అయిన నాలుగో షెడ్యూల్‌ని మరోసారి చూసుకోండి, జాబితా మారుతూ ఉంటుంది. అమ్మినవారి దగ్గర తేదీతో సహా బిల్లు తీసుకుని దాచండి.

విశాఖలో అసలు ఇబ్బంది తేమ

చాలామంది డ్రాగన్ పిల్లని చూసి ముచ్చటపడి అదే రోజు ఒక అక్వేరియం తొట్టి, ఒక బల్బు కొని ఇంటికి తెచ్చేస్తారు. తొట్టిలో వేడి ఎంతో, తేమ ఎంతో తెలిసేలోపే జంతువు తిండి మానేస్తుంది. మనం చేసేది వేరు. పెట్టె కట్టి, దీపాలన్నీ బిగించి, జంతువు లేకుండానే 14 రోజులు నడిపి అంకెలు రాసుకుంటాం. అంకెలు నిలిస్తేనే కొంటాం.

హైదరాబాద్‌లో, అనంతపురంలో ఇంత జాగ్రత్త అక్కర్లేదు. విశాఖలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. ఈ జంతువుకి హాయిగా ఉండేది 30 నుంచి 40 శాతం దగ్గర. 50 దాకా ఇబ్బంది లేదు, రాత్రిపూట కాసేపు ఇంకా పెరిగినా తట్టుకుంటుంది. కానీ రోజుల తరబడి 60 దాటి, పైగా గాలి ఆడకపోతే ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి తల పైకెత్తి ఊపిరి తీయడం దాని గుర్తులు. ఎండకాగేటప్పుడు నోరు తెరిస్తే భయం లేదు, చల్లని వైపున కూర్చుని తెరిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

తేమ తగ్గించడానికి ముందుగా పనికొచ్చేది వేడి దీపమే. గాలి వేడెక్కితే అదే నీటి ఆవిరి తక్కువ శాతంగా లెక్కకొస్తుంది. గది 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు అదే గాలి దీపం కింద 40 డిగ్రీలకి చేరితే తేమ 43 శాతానికి దిగుతుంది. ఏసీ వేసి గదిని 28 డిగ్రీలు, 50 శాతం దగ్గర ఉంచితే 35 డిగ్రీల చోట 34 శాతమే ఉంటుంది. కాబట్టి పగలు వేడి వైపు ఇబ్బంది రాదు. ఇబ్బంది చల్లని మూలలో, దీపం ఆరాక రాత్రిపూట వస్తుంది. పెట్టెలో గాలి కదలాలనడం అందుకే. చల్లని వైపు గోడకి అడుగున ఒక జాలీ, వేడి వైపు గోడకి పైన ఒక జాలీ పెడితే వేడి గాలి పైకి పోతూ కింద నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. రెండూ కనీసం 30 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు ఉండాలి. నీళ్ల గిన్నె చిన్నదిగా, చల్లని వైపున. రోజూ చిలకరించే పని వద్దు.

పెట్టె కట్టించడం

కొలత పొడవు 120, వెడల్పు 60, ఎత్తు 60 సెం.మీ. ఇంతకన్నా చిన్నదైతే ఒక చివర 40 డిగ్రీలు, ఇంకో చివర 27 డిగ్రీలు నిలవవు. పిల్ల చిన్నదని ముందు చిన్న పెట్టె, తర్వాత పెద్దది అనుకోవద్దు, ఖర్చు రెండింతలవుతుంది. ప్లైవుడ్ మన తేమకి ఉబ్బుతుంది, అంచులకి బూజు పడుతుంది. 12 మి.మీ. పీవీసీ ఫోమ్ బోర్డుతో వడ్రంగి చేత చేయించండి, ముందు వైపు జరిపే అద్దాలు. సిలికాన్ పూశాక వారం రోజులు తెరిచి ఉంచితే వాసన పోతుంది. ఫోమ్ బోర్డు వేడికి మెత్తబడుతుంది కాబట్టి వేడి దీపాన్ని లోపల బిగించవద్దు. పైకప్పులో వేడి వైపున 25 సెం.మీ. చదరం కోసి జాలీ బిగించి, దీపాన్ని ఆ జాలీ పైన పెట్టండి. జాలీ స్టెయిన్‌లెస్ స్టీల్‌దే కావాలి. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డు ఇళ్లలో ఉప్పుగాలికి మామూలు ఇనుప జాలీ చూస్తుండగానే తుప్పు పడుతుంది. హోల్డర్లూ అంతే, నెలకోసారి స్విచ్ ఆపి పిన్నులు చూడండి, పచ్చగా కిలుం పట్టి ఉంటే మార్చండి.

నేలకి గరుకు బాత్రూమ్ టైల్స్ పరవండి. బీచ్ నుంచి ఇసుక తెచ్చి పోయవద్దు. అందులో ఉప్పు, గవ్వల ముక్కలు, గాజు పెంకులు ఉంటాయి, పిల్ల డ్రాగన్ పురుగుతో పాటు ఇసుక మింగితే పేగులో గట్టిపడి అడ్డం పడుతుంది. ఎండకాగే చోట 30 సెం.మీ. కడప రాయి పలకని రెండు ఇటుకల మీద 15 సెం.మీ. ఎత్తున పెట్టండి. నల్లగా ఉంటుంది కాబట్టి వేడిని బాగా పట్టి నిలుపుతుంది, గోళ్లని కూడా కొంచెం అరగదీస్తుంది. ఎక్కడానికి మామిడి, చింత కొమ్మ చాలు, బాగా ఎండబెట్టి పెట్టండి. గన్నేరు, జిల్లేడు కొమ్మలు విషం, పెట్టెలోకి రానివ్వకండి. చల్లని వైపున దూరడానికి ఒక గూడు కావాలి, పక్కకి పడుకోబెట్టిన మట్టి కుండీ సరిపోతుంది.

రెండు దీపాలు, రెండు పనులు

వేడికి పింగాణీ హోల్డర్‌లో హాలోజెన్ బల్బు. 75 వాట్లతో మొదలుపెట్టండి, చాలకపోతే 100, వేసవిలో 50. ఎల్‌ఈడీ బల్బు వేడినివ్వదు. దీన్ని వేడిని బట్టి బల్బుని దానంతటదే తగ్గించి పెంచే డిమ్మర్ రకం థర్మోస్టాట్‌కి కలిపి, దాని వేడి కొలిచే తీగ కొస, అంటే ప్రోబ్‌ని కడప రాయి అంచున బిగించండి. రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీలు, చల్లని మూల 25 నుంచి 29, రాత్రి 20 నుంచి 26. ఎర్ర రాత్రి దీపం వద్దు, జంతువు నిద్ర చెడుతుంది. మన ఊళ్లో రాత్రి వేడి పెట్టాల్సిన అవసరమే రాదు.

రెండోది యూవీబీ ట్యూబ్, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలనిచ్చే దీపం. అది లేకపోతే ఒంట్లో డీ విటమిన్ తయారవదు, ఎంత కాల్షియం పెట్టినా ఎముకకి ఎక్కదు. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, వెన్ను వంకరపోతుంది. ఒకసారి వంగిన ఎముక మళ్లీ సరికాదు. టీ5 హెచ్‌ఓ (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే) రకం, యూవీబీ 10 లేదా 12 శాతం, పొడవు 85 సెం.మీ. ఉన్న 39 వాట్ల ట్యూబ్ మన పెట్టెకి సరిపోతుంది. దీన్ని లోపల పైకప్పుకే బిగించాలి, జంతువు వీపుకి 35 నుంచి 40 సెం.మీ. దూరం రావాలి. రాయిని 15 సెం.మీ. ఎత్తున పెట్టమన్నది ఈ లెక్కకే. అద్దం యూవీబీని ఆపేస్తుంది, కిటికీ అద్దంలోంచి పడే ఎండతో పని జరగదు. వెలుగు అలాగే కనిపిస్తున్నా 12 నెలలకి యూవీబీ తగ్గిపోతుంది, బిగించిన తేదీని ట్యూబ్ చివర మార్కర్‌తో రాయండి. చుట్టలు తిరిగిన చిన్న యూవీబీ బల్బులు చౌక, కానీ వెలుగు ఒక చిన్న వృత్తంలోనే పడుతుంది. వాటి మీద డబ్బు పోయవద్దు. రెండు దీపాలనూ ఒకే టైమర్‌కి పెట్టి ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా నడపండి.

14 రోజుల పరీక్ష

ముందు తేమ కొలిచే మీటర్ నిజం చెబుతోందో లేదో చూడండి. ఒక సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, నీళ్లు చుక్కలుగా కలిపి తడి ముద్ద చేయండి. దాన్ని, మీటర్‌ని కలిపి గాలి చొరబడని జిప్ కవర్‌లో 12 గంటలు ఉంచితే మీటర్ 75 చూపించాలి. 80 చూపిస్తే ఎప్పుడూ 5 తీసేసి చదవాలి.

తర్వాత గోడకి ఒక కాగితం అంటించి రోజూ ఉదయం 7, మధ్యాహ్నం 1, రాత్రి 9 గంటలకి నాలుగు అంకెలు రాయండి: రాయి వేడి, చల్లని మూల వేడి, చల్లని మూల తేమ, గది వేడి. రాయి వేడికి ముట్టకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడాలి, గాలి థర్మామీటర్ రాయి సంగతి చెప్పలేదు. ఈ రాసే పని పిల్లలకివ్వండి. రెండు వారాలు ఒక్క పూట తప్పకుండా రాసిన ఇంట్లో జంతువుకి తిండి తప్పదు.

మధ్యాహ్నం చల్లని మూల 32 దాటితే ఆ పెట్టె మే నెలకి పనికిరాదు. వాట్లు తగ్గించండి, పడమటి గోడ నుంచి జరపండి, ఏసీ గదిలోకి మార్చండి. బాల్కనీలో అసలు పెట్టొద్దు. ఎండ పడిన అద్దాల పెట్టె పావుగంటలో లోపలున్నదాన్ని చంపగలదు. రాత్రి తేమ 75 దగ్గరే ఉంటే ఉదయం 10 గంటలకి మరోసారి చూడండి, అప్పటికీ 60 దిగకపోతే జాలీ వెడల్పు చేయండి. అదీ చాలకపోతే ఏసీని కాసేపు డ్రై మోడ్‌లో నడపండి. అప్పుడూ దిగకపోతే ఆ గది కాదు, ఇంకో గది చూడండి. ఏ గదిలోనూ దిగకపోతే ఈ జంతువు ఆ ఇంటికి వద్దు. ఆ మాట కొనకముందే తెలియడం అందరికీ మంచిది.

పరీక్షలో ఒక రోజు కావాలని కరెంటు తీసేసి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. మన వాతావరణంలో పెద్ద డ్రాగన్ ఒకటి రెండు రోజులు దీపం లేకుండా బతుకుతుంది. ముప్పు తిండితో వస్తుంది. ఒంటికి వేడి అందకపోతే అరుగుదల ఆగి, కడుపులో ఉన్నది కుళ్లుతుంది. అందుకే తుపాను హెచ్చరిక రాగానే పురుగులు పెట్టడం ఆపేయాలి. కరెంటు వచ్చి రాయి ఒక పూట వేడెక్కాకే మళ్లీ మొదలుపెట్టాలి.

కొనేచోట చూడాల్సినవి

15 సెం.మీ. కన్నా చిన్నదాన్ని, 8 వారాల లోపుదాన్ని కొనవద్దు. మీ కళ్లముందు పురుగు తినాలి. నడిచేటప్పుడు పొట్ట నేలకి తగలకుండా లేవాలి, ఈడ్చుకుంటూ పోతే ఎముకలు బలహీనం. తోక మొదలు బొద్దుగా, కళ్లు నిండుగా, మలద్వారం పొడిగా ఉండాలి. వేళ్లు, తోక కొస లెక్కచూసుకోండి. ఇంటి బల్లికి తోక తెగితే మళ్లీ వస్తుంది, దీనికి రాదు. ఒకే తొట్టిలో చాలా పిల్లల్ని కుక్కితే ఒకదాని వేళ్లు ఇంకొకటి కొరుకుతుంది. తోడు కావాలని రెండోదాన్ని అంటగడతారు, ఒప్పుకోకండి. ఇది ఒంటరి జంతువు, ఒకటి తినకుండా ఇంకొకటి అణిచేస్తుంది.

కొరియర్‌లో తెప్పించవద్దు. గాలి రంధ్రాలున్న డబ్బాలో మీరే తెచ్చుకోండి. సరీసృపాలు చూసిన అనుభవమున్న పశువైద్యులెవరో కొనకముందే కనుక్కుని, మొదటి వారంలోనే మలం పరీక్ష చేయించండి. ఆ వారం ఎవరూ చేతిలోకి తీసుకోకూడదు.

ఇంట్లో ఎవరు ముట్టుకోవచ్చు

ఆరోగ్యంగా ఉన్న డ్రాగన్ మలంలోనూ సాల్మొనెల్లా, అంటే మనుషులకి విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ముట్టుకోకూడదు. అలాంటివారు ఇంట్లో ఉంటే ఈ కొనుగోలు వాయిదా వేయడమే మేలని మా అభిప్రాయం. మిగతావారు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. పెట్టె వంటింట్లో వద్దు, దాని గిన్నె వంటింటి సింక్‌లో కడగవద్దు. దానికి ఒక బకెట్, ఒక బ్రష్ వేరుగా ఉంచి బాత్రూమ్‌లో కడిగి, ఆ చోటు బ్లీచింగ్ నీళ్లతో తుడవండి. ముద్దుపెట్టడం, భోజనాల బల్ల మీద తిప్పడం వద్దు.

బల్లి మీద పడితే తలస్నానం చేసి దీపం పెట్టే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. వారిని అడక్కుండా తేవడం తప్పు. పెట్టె దేవుడి గదికి దూరంగా, తలుపుకి తాళంతో ఉంటుందని ముందే చెప్పండి. ఎప్పటికీ వద్దంటే ఆ మాట మన్నించండి.

ఎత్తేటప్పుడు పైనుంచి చెయ్యి దించకండి, గద్ద నీడ అనుకుని బెదురుతుంది. పక్కనుంచి చెయ్యి జార్చి, రొమ్ము కింద, వెనక కాళ్ల కింద ఆసరా ఇవ్వాలి. పిల్లలు నేల మీద కూర్చునే ఎత్తాలి.

మూడో పాఠం తిండి గురించి: కీచురాళ్ల పెంపకం, మునగాకు ఎంత, పాలకూర ఎందుకు వద్దు, కాల్షియం పొడి కొలతలు. దానికి మీ 14 రోజుల కాగితం దగ్గర పెట్టుకోండి, పురుగుల మోతాదుని చల్లని మూల వేడిని బట్టే లెక్కకడతాం.